పెరటి గింజకు పుట్టిల్లు ఏది?

వైశాఖం చివరికొచ్చేసరికి మన ఇళ్ళల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. ఆవకాయ జాడీలకు వాసెన కట్టడం అయిపోతుంది. వడియాలూ అప్పడాలూ ఎండి డబ్బాల్లోకి వెళ్ళిపోతాయి. అప్పుడు ఇల్లాలు పెరట్లోకి తొంగిచూసి, "ఈసారి ఏం పెడదామంటారు?" అంటుంది. పంచాంగం ప్రకారం అది వసంత ఋతువే. ఎండ మాత్రం ఆ మాట ఒప్పుకోదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అన్నారా పెద్దలు! మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఆ రెండు వారాల్లోనే గుంటలు తవ్వాలి, పశువుల ఎరువు వేసి మట్టిని బాగా ఎండనివ్వాలి, పందిరి రాటలు సరిచూసుకోవాలి. తొలకరి పడ్డాక గింజ కోసం వెతుక్కుంటే ఆ ఏటికి కాయ ఆలస్యమే.

పెరడు లేనివాళ్ళు కూడా చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇప్పుడు మిద్దె తోటలు వచ్చాయి. తొట్టిలో తోటకూర, పాత బకెట్లో వంగ, పిట్టగోడ మీద బీర పాదు. స్థలం మారిందే గాని ప్రశ్న అదే. ఏం పెడదాం?

చూడ్డానికి ఇది కూర గురించిన ప్రశ్న. నాకు మాత్రం ఇందులో బోలెడంత చరిత్ర కనిపిస్తుంది. చరిత్ర అనగానే మనం బళ్ళో చదివిన రాజులూ యుద్ధాలూ గుర్తొస్తాయి. అశోకుడు చెట్లు నాటించాడని బట్టీపట్టాం కూడా. కానీ మన పెరట్లో మిరప మొక్క ఎవరు నాటించారో ఏ మాస్టారూ చెప్పలేదు. కాస్త ఓపిక పట్టండి, ఒక్కొక్క గింజనూ పుట్టిల్లు ఎక్కడమ్మా అని అడుగుతూ వెళదాం.

ముందు మిరపనే అడుగుదాం. మిరపకాయ లేని తెలుగు వంటిల్లు ఊహకందుతుందా? పచ్చిమిర్చి లేని పచ్చడి, ఎండుమిర్చి లేని పోపు, కారం లేని ఆవకాయ! అయినా సుమారు 500 ఏళ్ళ కిందట తెలుగుదేశంలో ఆ కాయను చూసినవాళ్ళే లేరు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరి, దారి తప్పి ఇంకో ఖండం చేరాడు. అక్కడ నోరు మండించే కాయ దొరికితే దానికీ మిరియం పేరే పెట్టేశాడు. అందుకే ఇంగ్లీషువాళ్ళు ఈనాటికీ రెంటినీ పెప్పర్ అంటారు. 1498 మే 20న వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగాడు. అదీ రోహిణి ముంగిటనే చూడండి. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లోనే మిరప మన తీరానికి చేరింది. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? కొత్త కాయ మండుతోంది, మిరియమూ మండుతుంది, కాబట్టి మిరియానికి చుట్టం అనుకుని మిరప అన్నారు. సముద్రానికి ఆవలా ఈవలా మనుషులు ఒకే పని చేశారన్నమాట.

ఇంకో సాక్ష్యం చెబుతాను. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏం వడ్డించేవాడో వివరంగా ఉంది. వానాకాలానికి వరుగులూ వడియాలూ, చలికాలానికి మిరియపు పొడి వేసిన కూరలు. ఆ విందులో మిరపకాయ ఊసే లేదు. రాయలవారంతటి చక్రవర్తి ఊహించిన విందుకే మిరప అందలేదంటే, మనం రోజూ తినే పచ్చిమిరపకాయ పచ్చడి ఎంత కొత్తదో ఆలోచించండి!

అంతదూరం పోనక్కర్లేదు. మన ఇళ్ళల్లో తద్దినం వంట చూడండి. చాలా ఇళ్ళల్లో ఆ రోజు మిరపకాయ ముట్టరు, మిరియాలే వేస్తారు. టమాటా, బంగాళాదుంప, కాబేజీ గడప తొక్కవు. అరటికాయా, కందా, చేమా ఉంటాయి. చిన్నప్పుడు నేను ఇదంతా ఉత్త చాదస్తం అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ విస్తరే ఒక పాత కాలపు చిత్రపటంలా కనిపిస్తుంది. మన పూర్వులకు వాళ్ళెరిగిన కూరలే వడ్డిస్తున్నాం. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ అంతే. మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ ఈనాటికీ ఆ వంటశాలలోకి రావు.

సరే, మిరప పరాయిది. మరి గోంగూరో? ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకున్నాం కదా! కోపం తెచ్చుకోకండి. ఆ మాత పుట్టిల్లు ఆఫ్రికా. ఎర్రకాడల గోంగూరకూ, తెల్లగోగుకూ అక్కడే మూలం. వాటి సంగతి అలా ఉంచండి, మనం అచ్చమైన పల్లెతిండి అనుకునే జొన్నా, సజ్జా కూడా ఆఫ్రికా నుంచే వచ్చాయి. కాకపోతే అవి వచ్చి సుమారు 4,000 ఏళ్ళయింది. గోగుతో మనకు పులుసుకూర బంధమే కాదు, నార బంధమూ ఉంది. భీమునిపట్నం రేవు నుంచి ఆ నార విదేశాలకు ఎంతగా ఎగుమతయిందంటే, దానికి బిమ్లీ జనుము అన్న పేరే స్థిరపడింది. పుట్టింటి పేరు పోయి మెట్టినింటి పేరు నిలిచింది. మన ఆడపిల్లల సంగతిలాగే, కదూ!

సొరకాయదీ ఆఫ్రికా మూలమే. అయితే దానికి ఓడలతో పని లేదు. ఎండిన సొరబుర్ర సముద్రంలో నెలల తరబడి తేలినా లోపలి గింజలు చెడవు, ఒడ్డుకు చేరితే మొలకెత్తుతాయి. మనిషి వ్యవసాయం మొదలుపెట్టిన తొలిరోజుల్లోనే అది ఖండాలు దాటింది.

మరి మనవంటూ ఏమీ లేవా అని దిగులు పడకండి. ఉన్నాయి. దోస మనది, హిమాలయాల అడుగున పుట్టింది. మునగ మనది. బీర మనది. తోటకూర, బచ్చలి ఈ ఆసియా గడ్డవే. వంకాయ అయితే ఇక్కడి నుంచి బయల్దేరి లోకం చుట్టొచ్చింది. సంస్కృతంలో వాతింగణం అయింది. పారశీకులు బాదింగాన్ అన్నారు. అరబ్బులు బాదింజాన్ అన్నారు. పోర్చుగీసువాళ్ళు బెరింజెలా అన్నారు. వాళ్ళే దాన్ని మళ్ళీ మన రేవుకు తెచ్చి దింపితే, ఇంగ్లీషు చదువుకున్న మనం బ్రింజాల్ అంటున్నాం. పెరట్లో కాసిన కాయను పెరట్లోనే పెట్టుకుని దానికి విదేశీ పేరు పెట్టుకున్న ఘనత మనదే.

పేర్లలోనే ఎంత చరిత్ర ఉందో చూడండి. బంగాళాదుంప అంటే అది ఏ దారిన మన దగ్గరికొచ్చిందో పేరే చెబుతోంది. రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. ఒక్కో ప్రాంతానికి ఒక్కో దిక్కు నుంచి వచ్చిందన్నమాట. దుంప పుట్టింది మాత్రం వీటన్నిటికీ దూరంగా దక్షిణ అమెరికా కొండల్లో. టమాటాను కోస్తాలో పాతకాలంవాళ్ళు రామములగ అనేవారు. ఆ ములగ ములక్కాడ కాదు, పొలం గట్లమీద ముళ్ళతో కనిపించే నేలములకలోని ములక అని నాకనిపిస్తుంది. ఆకూ పువ్వూ చూసి, ఇది వంగకూ ములకకూ చుట్టమే అని ఎవరో పోల్చుకున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఆ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. ఆ పోల్చుకున్న మనిషి ఏ శాస్త్రమూ చదివి ఉండదు. చదివి ఉండదు అంటున్నాను గమనించారా? పెరట్లో మొక్కను అంత దగ్గరగా చూసేది మరెవరండీ!

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఓడలు గింజల్ని రేవుదాకా తెచ్చాయి, నిజమే. రేవు నుంచి వంటింటికి ఎవరు తెచ్చారు? మిరప వేయండహో అని ఏ రాజూ చాటింపు వేయించలేదు. ఎవరో ఒకావిడ సంతలో కొత్త కాయ చూసింది. ఇంటికి తెచ్చి రుచి చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకునే ఉంటుంది! అయినా నాలుగు గింజలు దాచి, బావి గట్టున నీళ్ళు పారేచోట వేసింది. కాయ కాస్తే పక్కింటికి ఇచ్చింది. కూతురు కాపురానికి వెళుతుంటే సారెతోపాటు గింజల పొట్లం కట్టింది. ఆ గింజలు ఇంకో ఊరు చేరాయి. ఇలా ఊరూరా తిరిగి, రెండు మూడు వందల ఏళ్ళలో ఆ పరాయి కాయ లేనిదే ముద్ద దిగని స్థితి తెచ్చింది. ఇదంతా ఏ శాసనంలోనూ చెక్కలేదు. చెక్కేవాళ్ళు పెరటివైపు రాలేదు.

మా అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి చిక్కుడు గింజలు చెంగున ముడేసుకుని వచ్చిందట. ఆవిడ దగ్గర గింజల కొట్టు చూసి తీరాలి. చిక్కుడూ, అనపా బూడిదలో కలిపి కుండలో పోసేది. బీరకాయను పాదునే ఎండనిచ్చి, గలగలమన్నాక కోసి, అలాగే చూరుకు వేలాడదీసేది. దోసగింజల్ని పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టేది, పురుగు పట్టదని. ప్రతి పాదుకూ ముందుగా వచ్చిన మంచి కాయ ఒకటి చూసి, దానికి గుడ్డపీలిక కట్టేది. అది విత్తనపు కాయ. ఇంటికి అల్లుడొచ్చినా సరే, దాన్ని కోయకూడదు!

చరిత్రలో ఈ ఆడవాళ్ళ పేర్లు లేవుగాని, వాళ్ళకు తెలిసిన పేర్లు మాత్రం కొన్ని పుస్తకాలకెక్కాయి. 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు సామర్లకోట చేరాడు. కంపెనీ ఉద్యోగి. అక్కడ తోట వేసి మిరియాలూ, కాఫీ, మరెన్నో మొక్కలు పెంచిచూశాడు. 1787లో తుపాను ఉప్పెన వచ్చి ఆయన పుస్తకాలూ కాగితాలూ ఊడ్చుకుపోయింది. అయినా పట్టు వదల్లేదు. మన దేశపు చిత్రకారులను కూర్చోబెట్టి మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకాలు లండన్‌లో వెలువడ్డాయి. ఆయన తన రచనల్లో మొక్కలకు శాస్త్రీయ నామంతో పాటు తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? 1790 ప్రాంతంలో ఆ సీమలో ఘోరమైన కరువు వచ్చింది. జనం ఆకలితో రాలిపోతుంటే చూసిన ఆయన, వాన తప్పినా తిండి పెట్టగల కొబ్బరీ, తాడీ, పనసా, అరటీ వంటివి విరివిగా నాటించాలని కంపెనీకి రాశాడు. ఏం పెడదాం అన్న ప్రశ్న ఒక్కోసారి ప్రాణాలమీదికి వస్తుందని ఆయన కళ్ళారా చూశాడు.

అలాంటి సందర్భం మళ్ళీ వచ్చింది. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతిలో పడింది. కూలికీ నాలికీ వెళ్ళిన తెలుగువాళ్ళెందరో చేతిలో ఉన్నదానితో తిరిగొచ్చారు. బర్మా బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం అధికాహారోత్పత్తి ఉద్యమం మొదలుపెట్టింది. ఖాళీ జాగా కనిపిస్తే పంట వేయమన్నారు. మళ్ళీ 1965లో, యుద్ధమూ తిండిగింజల కొరతా కలిసి వచ్చినప్పుడు, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని కోరారు. తన ఇంటిముందు పచ్చికను దున్నించి పైరు వేయించారు. పెద్దపెద్ద వాళ్ళకు పెరడు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. మన అత్తలూ అమ్మలూ మాత్రం ఏ పిలుపూ లేకుండానే ప్రతి ఏడూ గుంట తవ్వుతూ వచ్చారు.

ఆ తర్వాత విత్తనాల పొట్లాలు వచ్చాయి. వాటిమీద పూసా అన్న మాట చూసే ఉంటారు. పూసా బీహార్లో ఒక ఊరు. 1905లో అక్కడ వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టారు. 1934 జనవరి భూకంపంలో ఆ భవనం దెబ్బతింటే, సంస్థను ఢిల్లీకి తరలించారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు. ఆకులు పసుపుబారే తెగులుతో బెండ సర్వనాశనమవుతున్న రోజుల్లో పూసా సవాని అనే రకం ఆదుకుంది. దాని గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు కూడా. కనక శాస్త్రవేత్తలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు.

1970ల నుంచి కూరగాయల్లో హైబ్రిడ్ రకాలు బాగా పెరిగాయి. రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన గింజ అది. మొదటి ఏడు కాపు బ్రహ్మాండంగా ఉంటుంది. దాని కాయలోంచి గింజ తీసి మళ్ళీ వేస్తే మాత్రం, ఒక మొక్క తాతపోలిక, ఒక మొక్క మేనమామపోలిక. తల్లిలాంటి మొక్క దొరకడం అదృష్టం. కాబట్టి ప్రతి ఏడూ పొట్లం కొనుక్కోవలసిందే. అమ్ముకునే రైతుకు దిగుబడి లెక్క ఉంటుంది, ఆయన కష్టం ఆయనది. కాని మన పెరట్లో కాసే నాలుగు కాయల్లో కూడా విత్తనపు కాయ అన్నది లేకుండా పోయింది. గుడ్డపీలిక కట్టే అలవాటు పోయింది. ఆ పీలికతో పాటు ఎన్ని రకాల వంగలు, ఎన్ని రంగుల చిక్కుళ్ళు పోయాయో! మా అమ్మమ్మ చిక్కుడు ఇప్పుడు మా బంధువుల ఎవరింటా లేదు. నేను అడగని ఇల్లు లేదు.

అందరూ వదిలేశారని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పేద మహిళా రైతులు సంఘాలుగా చేరి, పాత గింజల్ని బుట్టల్లో భద్రపరిచారు. అప్పుగా గింజ తీసుకున్నవాళ్ళు పండాక అంతకంటె ఎక్కువ గింజ తిరిగివ్వాలి. వడ్డీ కూడా గింజే! 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. 2001లో వచ్చిన చట్టం రైతుకు గింజ దాచుకునే, పంచుకునే హక్కునిచ్చింది. జన్యువులు మార్చిన వంకాయ మీద ఊరూరా వాదోపవాదాలయ్యాక, 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపివేసింది. ఏ కూర పెడదామన్న మాట ఢిల్లీ దాకా వెళ్ళిందంటే, అది ఉత్త వంటింటి మాట కాదని తేలిపోయింది కదండీ.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు ఏం పెడదాం? నన్నడిగితే, గుమ్మం దగ్గర తోటకూర, బచ్చలి. అవి ఎవరి మాటా వినకుండా పెరుగుతాయి. పందిరి మీద బీరా, పొట్లా. పొట్లపిందెకు చిన్న రాయి కట్టడం మరిచిపోకండి. గోంగూర ఎలాగూ ఉండాలి, మెట్టినింట్లో దాని స్థానం దానిదే. నాలుగు మిరప, రెండు టమాటా. ఆషాఢంలో చిక్కుడు వేస్తే మాఘంలో రథసప్తమి నాటికి సూర్యుడి రథానికి కాయా, పరమాన్నం వడ్డించడానికి ఆకూ మన ఇంటివే అవుతాయి. పొట్లం గింజలు కొంటే కొనుక్కోండి, తప్పేం లేదు. ఒక్క పాదు మాత్రం దాచుకోదగిన గింజతో పెట్టండి. ఊళ్ళో పెద్దావిడ ఎవరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు చిక్కుడూ, టమాటా తేలిక. వాటి పువ్వు దాదాపు తనలో తానే ఫలిస్తుంది కనుక రకం చెడదు. సొరా, దోసా, బీరా అలా కాదు, తేనెటీగ ఎక్కడి పుప్పొడి తెచ్చి కలుపుతుందో తెలీదు. దాచిన గింజతో కాసిన సొరకాయ చేదుగా ఉంటే మొహమాటపడి వండకండి, ఒంటికి హాని. పారేయండి.

కాపు మొదలయ్యాక మొదటి రెండు కోతలు ఇంట్లోవాళ్ళకు వండిపెట్టండి. మూడోసారి పాదు కింద నిలబడి, బలమైన తీగకు కాసిన నదురైన కాయ ఒకటి ఎంచి పీలిక కట్టండి. "అంత లేతకాయ వదిలేశావేం?" అని మీవారు అడుగుతారు. అడగనివ్వండి. ఎండాక గింజలు ఒలిచి మూడు పొట్లాలు చేయండి. ఒకటి మీకు, ఒకటి పక్కింటావిడకు, ఒకటి ఆడపిల్లకు. పొట్లం మీద రకమూ, ఏడాదీ, ఎవరిచ్చారో ఆ పేరూ రాయడం మరవద్దు. మా అమ్మమ్మ చిక్కుడు మీ ఊళ్ళో ఎక్కడైనా పాకుతూ కనిపిస్తే, ఊదా అంచు కాయ, నల్లగింజ, తెల్లచార, దయచేసి నాలుగు గింజలు నాకోసం తీసిపెట్టండి.